గాలిలోని నీటిని కొలిచిన ఉపాధ్యాయుడు – జాన్ డాల్టన్

ఉన్నత పాఠశాల రసాయన శాస్త్రంలో పరమాణు సిద్ధాంతం పాఠం రాగానే ప్రతి విద్యార్థికీ పరిచయమయ్యే పేరు జాన్ డాల్టన్. పదార్థమంతా విభజింప వీలులేని సూక్ష్మ కణాలతో ఏర్పడినదని, ఒక మూలకంలోని పరమాణువులన్నీ సమాన భారం గలవని ఆయన ప్రతిపాదించిన సంగతిని పరీక్షల కోసమైనా అందరూ కంఠస్థం చేస్తారు. అయితే ఆ సిద్ధాంతానికి ఆయన ఏ మార్గాన చేరుకున్నాడో ఎరిగినవారు కొద్దిమందే. వాన ఎక్కడి నుంచి వస్తుంది, తడి నేల ఎట్లా ఆరుతుంది, గాలిలో నీరు ఏ రూపంలో దాగి ఉంటుంది అనే సామాన్యమైన ప్రశ్నలతో ఆయన ప్రయాణం ప్రారంభమయింది. నీరు వేడెక్కిన కొద్దీ దాని ఆవిరి ఎంత బలంతో నెడుతుందో ఒక గాజు గొట్టంతోను, కొంత పాదరసంతోను కొలిచి చూపిన ఒక పేద ఉపాధ్యాయుని కథ ఇది. భూగర్భాన మూడు కిలోమీటర్ల లోతున చెమటోడ్చిన కార్మికుల గడ్డ అయిన కోలారు బంగారు గనులకు ఆ కొలత ఎంతో దగ్గరి సంబంధం గలది.

నేతగాని బిడ్డ

ఇంగ్లండు దేశానికి ఉత్తరాన కంబర్లాండు ప్రాంతంలో ఈగిల్స్‌ఫీల్డ్ అనే చిన్న గ్రామం ఉంది. 1766 సెప్టెంబరులో డాల్టన్ అక్కడ జన్మించాడు. తండ్రి జోసెఫ్ మగ్గం మీద బట్ట నేసి జీవించేవాడు. తల్లి పేరు డెబోరా. వారి కుటుంబం క్వేకరు సమాజానికి చెందినది. ఆడంబరం లేని దుస్తులు, మితభాషణం, సత్యనిష్ఠ, కష్టించి పనిచేయడం ఆ సమాజం వారు పాటించే నియమాలు. ప్రభుత్వ చర్చి విశ్వాసాలను అంగీకరించనివారికి ఆ కాలంలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల పట్టాలు లభించేవి కావు. అందుచేత నేతగాని బిడ్డ అయిన డాల్టన్‌కు పేదరికం ఒక అడ్డుగోడ కాగా, పుట్టిన మతశాఖ రెండవ అడ్డుగోడ అయింది.

గ్రామానికి దగ్గరలో క్వేకరులు నడిపే పాఠశాలలో ఫ్లెచర్ అనే ఉపాధ్యాయుని వద్ద ఆయన ప్రాథమిక విద్య సాగింది. లెక్కలలో బాలుని పట్టుదలను గమనించిన ఎలిహూ రాబిన్సన్ అనే సంపన్న గృహస్థు సాయంకాలాలలో అతనికి గణితం బోధించాడు. రాబిన్సన్‌కు వాతావరణ పరిశీలనలోను, పరికరాల తయారీలోను అభిరుచి ఉండేది. ఒక గ్రామంలోని పెద్దమనిషి తీరిక వేళల్లో ఒక పేద బాలుని చేరదీయడం చిన్న విషయంగానే కనిపిస్తుంది. కాని ఆ ఇంటనే డాల్టన్ మొదటిసారిగా ఉష్ణమాపకంతోను, బారోమీటరుతోను పరిచయం సంపాదించాడు.

పన్నెండవ ఏట డాల్టన్ ఉపాధ్యాయుడయ్యాడు. 1778లో సొంత ఊరిలోనే చిన్న బడి నడపడం ప్రారంభించాడు. పిల్లలలో కొందరు పంతులు కన్నా వయసులోను, ఒడ్డూ పొడుగులోను పెద్దవారు. మందలిస్తే పోట్లాటకు రమ్మని సవాలు చేసేవారట. రెండేళ్ల తరువాత బడి మాని కొంతకాలం పొలం పని చేయవలసి వచ్చింది. జీవితంలో ఏ దశలోనూ బోధనను పూర్తిగా విడిచిపెట్టని ఆ మహాశయునికి ఉపాధ్యాయ వృత్తిలో తొలి అనుభవం ఇటువంటిది.

అంధుడైన గురువు

1781లో పదిహేనవ ఏట డాల్టన్ కెండల్ పట్టణానికి వెళ్లి, అన్న జోనాథన్ పనిచేస్తున్న క్వేకరు పాఠశాలలో సహాయోపాధ్యాయుడుగా చేరాడు. నాలుగేళ్ల తరువాత ఆ బడి నిర్వహణ అన్నదమ్ముల చేతికే వచ్చింది. కెండల్‌లో ఆయనకు లభించిన గొప్ప భాగ్యం జాన్ గాఫ్ సాన్నిహిత్యం. గాఫ్ పసితనంలోనే మశూచి వ్యాధి వల్ల చూపు కోల్పోయినవాడు. అయినా చెట్టు చేమలను స్పర్శతో గుర్తించగలవాడు. గణితంలో, ప్రాచీన భాషలలో దిట్ట. ఆయన వద్ద డాల్టన్ లాటిను, గ్రీకు భాషలను, ఉన్నత గణితాన్ని నేర్చుకున్నాడు.

ప్రతి దినమూ వాతావరణాన్ని గమనించి వ్రాసిపెట్టుకొమ్మని ప్రోత్సహించినవాడు కూడ ఆ అంధుడైన గురువే. 1787 మార్చి 24న డాల్టన్ దినచర్య పుస్తకంలో తొలి నమోదు చేశాడు. గాలి పీడనం, వేడిమి, వాన, గాలి వీచే దిక్కు మొదలైనవాటిని నాటి నుంచి మరణానికి ముందు రోజు వరకు, 57 సంవత్సరాల పాటు వ్రాస్తూనే వచ్చాడు. ఆ పరిశీలనల మొత్తం రెండు లక్షలు దాటిందని అంచనా. పరికరాలలో చాలవాటిని ఆయన స్వయంగా తయారు చేసుకున్నాడు. అవి అంత నాణ్యమైనవి కావు. అయినా నిత్యం ఒకే క్రమంలో చూడడం వల్ల కలిగే జ్ఞానం ఖరీదైన పరికరంతో ఒక్కసారి చూస్తే కలిగేది కాదని ఆయన పని నిరూపించింది.

న్యాయశాస్త్రమో వైద్యమో చదవాలని ఒక దశలో ఆయనకు కోరిక కలిగింది. బంధువులు ప్రోత్సహించలేదు. ఆ తలుపు మూసుకున్నప్పుడు నిరుత్సాహపడక, ఉన్న వృత్తిలోనే ఉండి, ఉన్న తీరికలోనే పరిశోధన సాగించాడు.

మాంచెస్టరులో

1793లో మాంచెస్టరు నగరంలోని న్యూ కాలేజీలో గణితం, ప్రకృతి శాస్త్రం బోధించే పని లభించింది. విశ్వవిద్యాలయాలలో చోటు దొరకని మతశాఖల యువకుల కోసం ఏర్పడిన విద్యాసంస్థ అది. అదే సంవత్సరం వాతావరణ పరిశీలనలపై ఆయన తొలి గ్రంథం వెలువడింది. మరుసటి సంవత్సరం మాంచెస్టరులోని సాహిత్య తత్త్వశాస్త్ర సంఘంలో సభ్యుడై, తన చూపులోని లోపం గురించి ప్రసంగించాడు. అందరికీ ఎరుపుగా కనిపించేది తనకు మసకగా, నీడవలె కనిపిస్తుందని ఆయన గ్రహించాడు. ఒకే పువ్వు పగటి వెలుగులో ఒక రంగుగాను, దీపపు వెలుగులో మరొక రంగుగాను తనకు తోచడమే ఆ విచారణకు కారణం. వర్ణాంధత్వం గురించి శాస్త్రీయంగా వ్రాసిన తొలి వ్యాసాలలో అది ఒకటి. పలు దేశాలలో ఆ లోపాన్ని ఆయన పేరుతోనే డాల్టనిజం అని పిలుస్తారు. తన కొరతను దాచుకొనక, దానినే పరిశోధనాంశంగా స్వీకరించిన ధైర్యం విశేషమైనది.

1800లో కళాశాల ఆర్థికంగా చిక్కులలో పడగా డాల్టన్ ఉద్యోగం వదులుకుని ప్రైవేటుగా పాఠాలు చెప్పుకుని జీవించడం మొదలుపెట్టాడు. అప్పటికి ఆయన వయసు 34 సంవత్సరాలు. స్థిరమైన జీతం లేదు, పట్టా లేదు, ఆస్తి లేదు. సాహిత్య తత్త్వశాస్త్ర సంఘానికి ఆయన కార్యదర్శి అయ్యాడు. జార్జి వీధిలోని సంఘ భవనంలో ఒక గది పాఠాలకు, ప్రయోగాలకు లభించింది. నిరాధారంగా నిలిచిన ఆ మరుసటి సంవత్సరంలోనే, 1801 అక్టోబరులో, ఆయన కీర్తికి పునాది అయిన వ్యాసాలను ఆ సంఘంలో చదివాడు. నీటి ఆవిరి పీడనాన్ని గురించిన వ్యాసం వానిలో ప్రధానమైనది.

గాజు గొట్టంలో నీటి చుక్క

ఉప్పు నీటిలో కరిగినట్లే నీరు గాలిలో కరిగి ఉంటుందని ఆనాటి పండితులలో అనేకులు నమ్మేవారు. అదే నిజమైతే గాలి లేని చోట నీరు ఆవిరి కావడానికి ఆధారమే ఉండరాదు. డాల్టన్‌కు ఈ భావన సరియైనదని తోచలేదు. వాదంతో తేలని విషయాన్ని కొలతతో తేల్చాలని ఆయన నిశ్చయించుకున్నాడు. ఆవిరి బలాన్ని ఆయనకు ముందు జేమ్స్ వాట్ వంటివారు కూడ పరిశీలించారు. వారి దృష్టి ముఖ్యంగా ఆవిరి ఇంజను మీద ఉండేది. డాల్టన్ దృష్టి ఆకాశం మీద ఉన్నది. మరిగే నీటితో పాటు చల్లని నీటి ఆవిరిని కూడ ఆయన కొలవదలచాడు.

ఒక చివర మూసి ఉన్న గాజు గొట్టాన్ని పాదరసంతో నింపి, పాదరసపు పాత్రలో తలక్రిందులుగా నిలబెడితే అది బారోమీటరు అవుతుంది. సముద్ర మట్టాన గాలి పీడనం ఆ పాదరసాన్ని సుమారు 30 అంగుళాలు, అనగా 760 మిల్లీమీటర్ల ఎత్తున నిలిపి ఉంచుతుంది. పైన మిగిలిన చోట గాలి ఉండదు. డాల్టన్ అంగుళాలను, అంగుళంలో పదవ వంతులను గొట్టం మీద గుర్తించుకున్నాడు. గొట్టం లోపలి భాగాన్ని నీటితో తడిపి, మరిగించి గాలిబుడగలు పోగొట్టిన పాదరసాన్ని నింపి తలక్రిందులు చేశాడు. తేలికైన నీరు మెల్లగా పైకి చేరి పాదరసం మీద పలుచని పొరగా నిలిచింది. ఆ నీటి నుంచి లేచిన ఆవిరి పైనున్న ఖాళీని నింపి పాదరసాన్ని కిందికి నెట్టింది. పాదరసం ఎంత దిగినదో ఆవిరి పీడనం అంత అన్నమాట.

తరువాత గొట్టపు పైభాగం చుట్టూ మరొక వెడల్పాటి గాజు గొట్టాన్ని బెండు బిరడాలతో అమర్చి, అందులో తగిన వేడి గల నీటిని పోశాడు. నీటి వేడిమిని మార్చినప్పుడల్లా లోపలి పాదరసం ఎంత దిగినదో చూసి వ్రాసుకున్నాడు. మరీ ఎక్కువ వేడిమికి రేకు గొట్టాన్ని, వంపు తిరిగిన బారోమీటరును ఉపయోగించాడు. ఈ విధంగా నీరు గడ్డకట్టే స్థితి మొదలు మరిగే స్థితి వరకు ఒక పట్టిక సిద్ధమయింది. గడ్డకట్టే వేడిమి వద్ద ఆవిరి పీడనం అంగుళంలో ఐదవ వంతు. మరిగే వేడిమి వద్ద 30 అంగుళాలు.

ఈ పెరుగుదల సమానమైన మెట్లుగా సాగదని పట్టిక తెలిపింది. నేటి కొలతల ప్రకారం చెప్పాలంటే సెల్సియస్ 20 డిగ్రీల వద్ద ఆవిరి పీడనం 17.5 మిల్లీమీటర్లు, 30 డిగ్రీల వద్ద సుమారు 32, 40 డిగ్రీల వద్ద సుమారు 55, 60 డిగ్రీల వద్ద సుమారు 149, 100 డిగ్రీల వద్ద 760. పది డిగ్రీల మెట్టు ఒక్కటే అయినా పీడనం ఒక్కొక్క మెట్టుకు అంతకంతకు ఎక్కువగా హెచ్చుతూ పోతుంది. వడ్డీకి వడ్డీ చేరినట్లు పెరిగే ఈ తీరును గణితంలో గుణశ్రేఢి అంటారు. అయితే ఆ గుణకం వేడిమితో పాటు కొద్ది కొద్దిగా తగ్గుతూ వస్తుందని కూడ డాల్టన్ గుర్తించాడు. గొట్టంలో నీరు కొంచెమైనా మిగిలి ఉన్నంత వరకు ఈ పీడనం వేడిమి మీదనే ఆధారపడుతుంది. నీటి పరిమాణంతో నిమిత్తం లేదు. దీనినే ఇప్పుడు పాఠ్యగ్రంథాలు సంతృప్త బాష్పపీడనం అంటున్నాయి.

అసలు నిర్ణయం తరువాతి ప్రయోగంలో జరిగింది. పొడి గాలిలోనికి నీటిని ప్రవేశపెట్టి చూడగా, గాలి లేని చోట ఆవిరి ఎంత పీడనం చూపినదో గాలి ఉన్న చోట కూడ అంతే పీడనం అదనంగా చేరింది. గాలి ఉండడం వల్ల ఆవిరికి లాభమూ లేదు, నష్టమూ లేదు. కనుక నీరు గాలిలో కరగడం లేదు; గాలితో కలిసి, తన పీడనాన్ని తాను నిలుపుకుంటూ ఉంటున్నది. ఒకే ఇంట ఉంటూ ఎవరి సంపాదన వారు తెచ్చి మొత్తానికి జోడించే అన్నదమ్ముల వలె, మిశ్రమంలోని ప్రతి వాయువు తన వంతు పీడనాన్ని తాను చేర్చుతుంది. డాల్టన్ పాక్షిక పీడనాల నియమమని విద్యార్థులు చదువుకునేది ఇదే.

చల్లని నీటి గ్లాసు

పట్టిక చేతికి రాగానే గాలిలోని నీటిని కొలవడానికి డాల్టన్ అతి సులభమైన ఉపాయం కనిపెట్టాడు. పొడవాటి గాజు పాత్రలో అప్పుడే బావి నుంచి తెచ్చిన చల్లని నీటిని పోసేవాడు. పాత్ర వెలుపల మంచు బిందువులు పడితే ఆ నీటిని వంచి, పాత్రను గుడ్డతో తుడిచి, కొంచెం వేడెక్కిన అదే నీటిని తిరిగి పోసేవాడు. బిందువులు పట్టడం ఆగిపోయే వరకు ఇట్లా చేసి, అప్పటి నీటి వేడిమిని చూసేవాడు. ఆ వేడిమికి ఎదురుగా పట్టికలో ఉన్న అంకెయే గాలిలో వాస్తవంగా ఉన్న నీటి ఆవిరి పీడనం. వంటింట్లో చల్లని చెంబు మీద పట్టే చెమ్మను ఎవరు చూడలేదు? ఆ చెమ్మను కొలమానంగా మార్చడంలోనే ఆయన ప్రతిభ ఉన్నది.

అక్కడి నుంచి మరొక నియమం లభించింది. నీరు ఆవిరయ్యే వేగం రెండు పీడనాల మధ్య గల తేడాను అనుసరించి ఉంటుంది. నీటి వేడిమికి తగిన సంతృప్త పీడనం ఒకటి, గాలిలో అప్పటికే ఉన్న ఆవిరి పీడనం రెండవది. తేడా ఎక్కువైతే నీరు వేగంగా ఇగురుతుంది. తేడా లేకపోతే ఇగరదు. గాలి వీచడం వల్ల కూడ ఆ వేగం హెచ్చుతుంది. 1802లో ప్రకటితమైన ఈ నియమం చెరువులలో, జలాశయాలలో నీటి నష్టాన్ని లెక్కించే శాస్త్రానికి మూలాధారమయింది.

కోలారు గడ్డ మీద

ఏడాది పొడవునా పారే నది లేని కోలారు జిల్లాకు చెరువులే ప్రాణాధారం. పాలారు మీది బేతమంగళ చెరువు నీటితో గనుల పట్టణాలు దాహం తీర్చుకున్నాయి. వేసవిలో పొడిగాలి వీచేటప్పుడు ఇటువంటి చెరువుల నీటి మట్టం తూముకు చుక్క నీరు వదలకపోయినా దిగిపోవడానికి కారణం డాల్టన్ చెప్పిన ఆ తేడాయే.

సముద్ర మట్టానికి 800 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఈ పీఠభూమి మీద ఎసరు సుమారు 97 డిగ్రీల వద్దనే మరుగుతుంది. ఆవిరి పీడనం చుట్టూ ఉన్న గాలి పీడనంతో సమానమైనప్పుడు నీరు మరుగుతుంది కనుక, గాలి పీడనం తక్కువైన ఎత్తులో తక్కువ వేడిమే చాలుతుంది. ఛాంపియన్ రీఫ్ గని అడుగు భాగం నేల మట్టానికి మూడు కిలోమీటర్లకు పైగా దిగువన, సముద్ర మట్టానికి కూడ రెండు కిలోమీటర్లకు పైగా దిగువన ఉండేది. అక్కడ గాలి పీడనం ఎక్కువ. నీటిని మరిగించదలిస్తే 100 డిగ్రీలు దాటవలసిందే. ఒక్క కోలారు గనుల ఊరిలోనే, నేల మీద ఒక అంకె, నేల కింద మరొక అంకె!

1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ గనులు చేపట్టిన తొలి దశాబ్దాలలో యంత్రాలు నడిపింది బాయిలరులోని ఆవిరి. కావేరి నది మీది శివనసముద్రం నుంచి 1902లో జలవిద్యుత్తు చేరేవరకు గనులకు ఆవిరియే ముఖ్యమైన బలం. బాయిలరులో ఎంత వేడిమికి ఎంత పీడనం ఏర్పడుతుందో తెలుపునది ఈ సంతృప్త పీడన పట్టికయే. పట్టికను లెక్కచేయకపోతే బాయిలరు పేలవచ్చు, ప్రాణాలు పోవచ్చు.

అంతకన్నా బాధాకరమైన పాఠం గని లోతులలో ఉన్నది. అట్టడుగు భాగాలలో రాతి వేడిమి 60 డిగ్రీలు దాటేది. దుమ్ము అణచడానికి నీరు చల్లవలసి ఉండడంతో గాలి తేమతో నిండేది. మనిషి చర్మం వేడిమి ఇంచుమించు 35 డిగ్రీలు. ఆ వేడిమి వద్ద చెమట ఆవిరి పీడనం 42 మిల్లీమీటర్లు. చుట్టూ ఉన్న గాలిలో ఆవిరి పీడనం 15 మిల్లీమీటర్లయితే తేడా 27. చెమట త్వరగా ఆరి ఒళ్లు చల్లబడుతుంది. గాలిలోనే 40 మిల్లీమీటర్లుంటే తేడా 2 మాత్రమే. చెమట ధారలుగా కారుతుందే కాని ఆరదు, ఒంటి వేడి తగ్గదు. అందుకే లోతు గనులలో మామూలు ఉష్ణమాపకంతో పాటు తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకాన్ని కూడ చూడవలసి ఉంటుంది. ఆ రెండు అంకెల తేడా తగ్గిన కొద్దీ పనివానికి ప్రమాదం పెరుగుతుంది. పెద్ద పంకాలతో గాలిని తోలడం, ఆ గాలిని చల్లబరచడం ఇందుకోసమే. 2001లో గనులు మూతపడే వరకు తరతరాలుగా తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాల పురుషులు ఆ తేమలో శ్రమించారు. మాంచెస్టరులో ఒక గాజు గొట్టంలో కొలిచిన అంకెలకు కోలారులో మనిషి ప్రాణమంత విలువ ఉన్నది.

ఆవిరి నుంచి పరమాణువుకు

వాయువులు ఒకదానితో ఒకటి కలిసినా ఎవరి పీడనం వారు నిలుపుకోవడం ఎట్లా సాధ్యం? నీరు కొన్ని వాయువులను ఎక్కువగాను, కొన్నింటిని తక్కువగాను ఎందుకు ఇముడ్చుకుంటుంది? ఈ ప్రశ్నలు డాల్టన్‌ను వాయు కణాల భారం గురించి ఆలోచింపజేశాయి. 1803లో ఆయన తన నోటుపుస్తకంలో పరమాణు భారాల తొలి పట్టిక వ్రాసుకున్నాడు. 1808లో రసాయన తత్త్వం గురించిన ఆయన మహాగ్రంథం మొదటి భాగం వెలువడింది. ఈ విధంగా వాన గురించిన విచారణ పరమాణువు వద్దకు చేరింది.

ఆయన అన్ని విషయాలలోను సరియైనవాడు కాడు. మరిగే స్థానం నుంచి సమాన డిగ్రీల దూరంలో అన్ని ద్రవాల ఆవిరి పీడనం సమానమని ఆయన చేసిన ఊహ తరువాతి ప్రయోగాలలో నిలువలేదు. నీటి కణంలో ఒక హైడ్రోజను, ఒక ఆక్సిజను పరమాణువులే ఉంటాయని ఆయన తలచాడు. వాయువుల ఘనపరిమాణాల గురించి గేలూసాక్ కనుగొన్న నియమాన్ని ఆయన అంగీకరించలేదు. ఆవిరి పీడనాల పట్టికను కూడ 1840 దశకంలో ఫ్రాన్సు దేశపు రెన్యో మరింత సూక్ష్మమైన పరికరాలతో సవరించాడు. అయినా కొలిచే మార్గమూ, మిశ్రమ వాయువుల నియమమూ, ఆవిరయ్యే వేగపు నియమమూ నిలిచి ఉన్నాయి.

ముందు పాఠం, తరువాత కీర్తి

ఐరోపా అంతటా పేరు వ్యాపించిన తరువాత కూడ డాల్టన్ పిల్లలకు లెక్కలు చెప్పుకునే జీవించాడు. ఆ మహాశాస్త్రవేత్తను చూడడానికి ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒక రసాయనవేత్తకు, చిన్న గదిలో ఒక బాలుని పలక మీది లెక్క సరిచూస్తున్న మనిషి కనిపించాడని చెబుతారు. ఆ లెక్క సరి అయ్యేవరకు అతిథి వేచి ఉండవలసి వచ్చిందట. ఆయన శిష్యులలో జేమ్స్ జౌల్ ఒకడు. శక్తి నిత్యత్వ నియమాన్ని స్థాపించినవారిలో ఒకడుగా జౌల్ లోకప్రసిద్ధుడయ్యాడు. శక్తికి ప్రమాణం నేటికీ ఆయన పేరుననే ఉన్నది.

డాల్టన్ వివాహం చేసుకోలేదు. ఒక మిత్ర కుటుంబంతో కలిసి ఇరవై ఆరు సంవత్సరాల పాటు సామాన్యంగా జీవించాడు. ఏటా వేసవిలో కొండలెక్కి గాలి పీడనం, తేమ కొలవడమే ఆయనకు విహారం. 1822లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యుడుగా ఎన్నుకుంది. 1826లో రాయల్ మెడల్ లభించింది. 1830లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ విదేశీ సభ్యులలో ఒకడయ్యాడు. ఒకప్పుడు ఆయన వంటివారికి పట్టా ఇవ్వని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1832లో గౌరవ డాక్టరేటు ఇచ్చి సత్కరించింది. 1834లో రాజు నాలుగవ విలియం దర్శనానికి ఆ విశ్వవిద్యాలయపు ఎర్రని అంగీ ధరించి వెళ్లాడు. క్వేకరులకు మెరిసే ఎరుపు నిషిద్ధం. అయితే ఆయన కంటికి అది ఎరుపుగా కనిపించలేదు కనుక ఏ సంకోచమూ కలగలేదని మిత్రులు ముచ్చటగా చెప్పుకున్నారు.

1837లో పక్షవాతం సోకింది. మాట తడబడింది, చేయి వణికింది. దినచర్య మాత్రం ఆగలేదు. 1844 జూలై 26 రాత్రి వణికే చేతితో ఆనాటి పీడనాన్ని, వేడిమిని, కొద్దిగా వాన పడిన సంగతిని వ్రాసిపెట్టి పడుకున్నాడు. మరునాడు ఉదయం ఆయన జీవితం ముగిసింది. మాంచెస్టరు పురమందిరంలో ఉంచిన ఆయన భౌతిక కాయాన్ని సుమారు 40,000 మంది దర్శించి నివాళులర్పించారు.

తన చూపులోని లోపానికి కారణం తెలుసుకోవడం కోసం మరణానంతరం తన కళ్లను పరీక్షించమని ఆయన ముందే కోరి ఉన్నాడు. కంటిలోని ద్రవానికి నీలిరంగు ఉండడమే కారణమని ఆయన ఊహ. పరీక్షించగా ఆ ఊహ తప్పని తేలింది. భద్రపరచిన ఆ కంటి భాగాలనే 1995లో జన్యుపరీక్ష చేసి, ఆకుపచ్చ వెలుగును గ్రహించే వర్ణకం ఆయనకు లోపించిందని శాస్త్రవేత్తలు నిర్ధారించారు. మరణించిన నూట యాభై సంవత్సరాల తరువాత కూడ ఆయన అడిగిన ప్రశ్నకు సమాధానం లభించింది. జార్జి వీధిలోని సంఘ భవనం, అందులోని ఆయన కాగితాలు, పరికరాలు చాల భాగం 1940 డిసెంబరు 24 నాటి బాంబు దాడిలో కాలిపోయాయి. కాని ప్రతి పాఠశాల ప్రయోగశాలలోను ఆయన నియమాలు సజీవంగా ఉన్నాయి.

ఒక పాఠశాల 75 సంవత్సరాల జీవితం కూడ డాల్టన్ దినచర్య వంటిదే. ప్రతి ఉదయం వేసిన హాజరు, ప్రతి సాయంకాలం దిద్దిన నోటుపుస్తకం, ఒక్కొక్కటిగా చూస్తే అల్పంగా కనిపిస్తాయి. అవన్నీ కలిసినప్పుడే ఒక తరం విద్యావంతమవుతుంది. ఖరీదైన ప్రయోగశాల లేదని చింతించే విద్యార్థి ఒక చల్లని నీటి గ్లాసును, ఒక ఉష్ణమాపకాన్ని ముందు పెట్టుకుని కూర్చొనవచ్చు. గ్లాసు మీద చెమ్మ ఎప్పుడు పట్టినదో, ఎప్పుడు ఆగినదో నిజాయితీగా వ్రాసుకుని, మరునాడు, ఆ మరునాడు మళ్లీ వ్రాయగలిగితే, పన్నెండేళ్ల వయసులో బడి నడిపిన ఆ నేతగాని బిడ్డ నడిచిన బాటలోనే అతడు మొదటి అడుగు వేసినట్లు.